బండిని ఇంటికి చేర్చినోళ్ల చరిత్ర



పోస్టు కొంచెం పెద్దది. సంత జీపు ఎక్కి పెరిగినోళ్లు మాత్రం చివరిదాకా చదవండి. ఇది మన ఇళ్లల్లో పెద్దల గురించి.

లైబ్రరీలో మోటారు బండ్ల చరిత్ర తీస్తే బండిని కనిపెట్టినోళ్లు, ఫ్యాక్టరీ పెట్టినోళ్లు కనిపిస్తారు. రోడ్ల చరిత్ర తీస్తే రోడ్డు వేయించిన అధికారులు కనిపిస్తారు. ఘాట్ రోడ్డు సగంలో, చీకటి పడే వేళ, ఇరవై మంది జనంతో, పసుపు బస్తాలతో ఆగిపోయిన జీపుని కదిలించి ఊరికి తెచ్చినోళ్ల గురించి ఒక్క పేజీ కూడా మాకు దొరకలేదు. ఆ పేజీ మనమే రాసుకోవాలి కదా అనిపించింది.

మేము విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లం. పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు ఊళ్లు మావి. సెలవులకి ఇళ్లకి పోయినప్పుడు ఒకప్పుడు జీపులు తోలిన తాతల్ని, క్లీనర్లుగా చేసిన మావల్ని కూర్చోబెట్టి అడిగాం. వాళ్లు చెప్పిందానికి మేము చదువుకున్నది కలిపి ఇక్కడ పెడుతున్నాం. మేము చెప్పేది ఒక్కటే. దారిలో చేసే రిపేరు ఒక విద్య. మోటారు బండి ఎంత పాతదో ఆ విద్య కూడా అంత పాతది. మన కొండల్లో అది జనాన్ని, కొన్నిసార్లు ప్రాణాల్ని కాపాడింది. ఇప్పుడు మన కళ్ల ముందే పోతోంది.

మొదటి ప్రయాణంలోనే మొదటి రిపేరు

ముందు మన కొండలకి చాలా దూరం పోదాం, జర్మనీకి. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కార్ల్ బెంజ్ అనే ఆయన 1886 జనవరిలో మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. బండి అయితే ఉంది గానీ అది దూరం పోతుందని జనం నమ్మలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. సుమారు వంద కిలోమీటర్ల దారి. మోటారు బండి మీద అంత దూరం పోవడం ప్రపంచంలో అదే మొదటిసారి అంటారు.

దారిలో పెట్రోలు బంకు లేదు, షెడ్డు లేదు, మెకానిక్ లేడు. ఇంధనం అయిపోతే వీస్లోక్ అనే ఊళ్లో మందుల షాపులో బట్టల మరకలు తీయడానికి అమ్మే ద్రవం కొని పోసింది. ఇంధనం వచ్చే గొట్టంలో చెత్త అడ్డుపడితే తన టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుపోతే మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టింది. చెక్క బ్రేకులు అరిగిపోతే దారిలో ఒక చెప్పులు కుట్టే ఆయన దగ్గర వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగు అనేది అట్లా పుట్టింది. ఎత్తు ఎక్కలేనప్పుడు పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చాక, కొండ ఎక్కడానికి ఇంకో చిన్న గేరు కావాలని భర్తకి చెప్పింది. ఆయన పెట్టాడు.

ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మోటారు బండి నిజంగా పనికొస్తుందని చూపించింది ఫ్యాక్టరీ కాదు, దారిలో చేసిన రిపేరు. రెండు, ఆ రిపేర్లకి వాడినవన్నీ ఒంటి మీద ఉన్నవి, దారిలో దొరికినవి. పేటెంటు కాగితం మీద మాత్రం బెర్తా పేరు లేదు. మన పెద్దల పేర్లు ఎందుకు లేవో కూడా ఇక్కడే కొంత అర్థమవుతుంది. కనిపెట్టినోడికి కాగితం ఉంటుంది. ఇంటికి చేర్చినోడికి ఉండదు.

మన తాతలు వేసిన రోడ్డు

ఇప్పుడు మన కొండలకి వద్దాం. ఇక్కడ బండి కంటే ముందు రోడ్డు వచ్చింది. ఆ రోడ్డు ఎట్లా వచ్చిందో ఈ గ్రూపులో చాలామందికి తెలుసు, అయినా మళ్లీ చెప్పుకోవాలి.

నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి వైపు కొండ ఎక్కే రోడ్డు కోసం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతముత్తాతల చేత పని చేయించాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఎదురు మాట్లాడినోళ్లని కొట్టించాడు. పోడు మీద ఆంక్షలు, అడవి మీద ఆంక్షలు, పైన ఈ రోడ్డు వెట్టి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, మన మన్యం జనం చేసిన దాడి వెనక కారణాల్లో ఈ రోడ్డు కూడా ఉంది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న రాజుని చంపేదాకా ఆ పోరాటం నడిచింది.

అంటే మన కొండల్లో మోటారు రోడ్డు అనేది మొదట మనకి బరువుగా వచ్చింది. రాళ్లు మోసింది మనం. దాని మీద పోయింది దొరలు, పోలీసులు, కలప. మన ఆడవాళ్లు తల మీద మూట పెట్టుకుని, మగవాళ్లు కావడి భుజాన వేసుకుని అదే రోడ్డు పక్కన కాలిబాటలో నడిచారు. రోడ్డు వేసినోడు రోడ్డు మీద బండి ఎక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో జీసీసీ వచ్చింది. 1970ల్లో ఐదో ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక పెట్టారు, దానితో ఐటీడీఏలు వచ్చాయి. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదానంలో 500 మంది ఉన్న ఊరికి, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో అయితే 250 మంది ఉన్న ఊరికి రోడ్డు అని ఆ పథకం లెక్క. మన కొండల మీద ముప్పై గడప, నలభై గడప ఉన్న ఊళ్లు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ లెక్కలోకి రాని ఊళ్లకి జీపు పోయే దారి అంటే జనమే గునపాలు పట్టి, రాళ్లు తీసి, వాగులో దుంగలు పరిచి చేసుకున్న మట్టి దారి. బండ్లు ఆగిపోయేది కూడా ఎక్కువగా అక్కడే.

జీపే ఎందుకు ఎక్కింది?

ఆ దారుల్లో బస్సు పోలేదు. లారీ కొంతవరకే పోయింది. చివరిదాకా పోయింది జీపు. దానికీ ఒక చరిత్ర ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి తేలికగా, నాలుగు చక్రాలూ లాగేలా ఒక బండి కావాల్సి వచ్చింది. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం అయ్యేలోపు ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. యుద్ధంలో బండి పాడైతే షెడ్డుకి తీసుకుపోయే వీలుండదు. అందుకే ఎక్కడ ఆగితే అక్కడే, కొద్దిపాటి పానాలతో, మామూలు సైనికుడు విప్పి బిగించుకునేలా దాన్ని తయారు చేశారు. మన దేశంలో 1945లో పెట్టిన మహీంద్రా కంపెనీ 1947 నుంచి విల్లీస్ జీపుల్ని ఇక్కడే బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ముందు ప్రభుత్వ ఆఫీసులు, పోలీసులు, అటవీ శాఖ వాళ్లకి వచ్చాయి. అవి పాతబడి వేలంలో అమ్ముడుపోయి, చేతులు మారి మారి సంత జీపులయ్యాయి. తర్వాత డీజిల్ జీపులు, పొడుగు బాడీ కమాండర్లు వచ్చాయి.

పాత జీపు బానెట్ ఎత్తితే ప్రతి వస్తువూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. బ్యాటరీ చచ్చిపోతే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేయొచ్చు. ఒక తాత మాతో అన్న మాట ఇది: "దాని కడుపులో దాపరికం లేదు బాబూ. ఏది నొప్పో అదే చెప్తాది." ఎక్కడో యుద్ధం కోసం చేసిన బండి మన కొండలకి సరిపోయింది అందుకే. యుద్ధంలో షెడ్డు లేదు, మన కొండల్లోనూ లేదు.

దారి మీద రిపేర్లు

ఇక అసలు సంగతి. పెద్దలు చెప్పినవి, అవి ఎందుకు పనిచేస్తాయో మేము తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాం.

తడి గుడ్డ. పెట్రోలు జీపు ఎండలో, నిండా జనంతో, చిన్న గేరులో ఘాట్ ఎక్కుతూ ఎక్కుతూ టక్కున ఆగిపోయేది. ట్యాంకులో పెట్రోలు ఉంటుంది, ప్లగ్గులో నిప్పు ఉంటుంది, అయినా స్టార్ట్ అవదు. ఇంజిన్ వేడికి పంపులోనూ, గొట్టంలోనూ పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరి బుడగల్ని తోయలేదు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ పెట్రోలు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. క్లీనర్ కుర్రాడు వాగులో తువ్వాలు తడిపి తెచ్చి పంపు మీద వేసేవాడు. జనం దిగి బీడీ కాల్చుకునేలోపు పంపు చల్లబడి బండి పలికేది.

అగ్గిపెట్టె. పాత జీపులో డెల్కో లోపల రెండు పాయింట్లు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయినప్పుడే ప్లగ్గుకి నిప్పు పుడుతుంది. వాటి మీద మసి, గుంటలు పడితే నిప్పు బలహీనమవుతుంది. గరుకు కాగితం ఎక్కడ దొరుకుతుంది? అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసే గరుకు అట్టని చింపి, పాయింట్ల మధ్య పెట్టి రెండు మూడుసార్లు లాగేవారు. వానాకాలంలో డెల్కో మూత లోపల చెమ్మ చేరితే పొడి గుడ్డతో తుడిచి బిగించేవారు. సగం రోగాలు దీంతోనే పోయేవంట.

సబ్బు. రాయి తగిలి పెట్రోలు ట్యాంకుకి సన్న చిల్లు పడితే, ఆడవాళ్లు సంతలో కొన్న సబ్బు బిళ్ల అడిగి తీసుకుని చిల్లు మీద గట్టిగా రుద్దేవారు. సబ్బు నీళ్లలో కరుగుతుంది గానీ పెట్రోల్లో కరగదు. అందుకే అతుక్కుని ఉండిపోతుంది. ఆ చోట బీడీ మాత్రం ఎవరూ వెలిగించకూడదు.

పసుపు. రేడియేటర్ కారితే కొంచెం పసుపు పొడి అందులో పోసేవారు. నీళ్లతో పాటు పొడి కూడా తిరుగుతూ చిల్లు దగ్గరికి పోయి, అక్కడ ముద్దలా పేరుకుని మూసేస్తుంది. దేశమంతా లారీ డ్రైవర్లకి తెలిసిన కిటుకే ఇది. మన పాడేరు వైపు పసుపు పండుతుంది కాబట్టి మన బండ్లలో మందు వెతుక్కోక్కర్లేదు, బండి మీద బస్తాల్లోనే ఉంటుంది. ఇంకో సంగతి, మూత పూర్తిగా బిగించకుండా వదులుగా పెడితే లోపల ఒత్తిడి తగ్గి కారడం తగ్గుతుంది. వేడి మీద మాత్రం మూత తీయకూడదు, ముఖం మీదికి చిమ్ముతుంది.

ఫ్యాన్ బెల్టు. ఈ బెల్టు ఫ్యానుని, నీళ్ల పంపుని, డైనమోని మూడింటినీ తిప్పుతుంది. తెగితే పది నిమిషాల్లో ఇంజిన్ కాగిపోతుంది. నైలాన్ తాడు గానీ, నైలాన్ చీర పీలికని పురిపెట్టి గానీ కింది చక్రానికి, పంపు చక్రానికి మాత్రమే వేసి ముడి బిగించేవారు. డైనమోని వదిలేసేవారు, ఎందుకంటే అది కూడా లాగాలంటే తాడు జారిపోతుంది. లైట్లు బ్యాటరీ మీదే నడవాలి. అందుకని చీకటి పడకముందే చేరాలని తొందర పడేవారు. ముడి వదులైనప్పుడల్లా ఆగి మళ్లీ బిగించడమే.

డబ్బా పెట్రోలు. పెట్రోలు పంపు లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగితే పెట్రోలు పైకి రాదు. అప్పుడు ఒక డబ్బాలో పెట్రోలు పోసి, కార్బురేటర్ కంటే ఎత్తులో కట్టి, సన్న గొట్టంతో దింపేవారు. నీళ్లు పల్లానికి పోయినట్టే పెట్రోలూ పోతుంది, పంపుతో పని లేదు. క్లీనర్ డబ్బా పట్టుకుని బానెట్ దగ్గర కూర్చునేవాడు. ఇది విన్నప్పుడు మాకు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు డబ్బా పట్టుకుని కూర్చున్న ఆ పిల్లోడి వయసు మాకంటే తక్కువ.

గాలి తీయడం. డీజిల్ జీపులు వచ్చాక పాయింట్లు, ప్లగ్గుల గొడవ పోయింది, కొత్త రోగం వచ్చింది. డీజిల్ అయిపోయినా, ఫిల్టర్ దగ్గర వదులైనా గొట్టంలోకి గాలి పడుతుంది. డీజిల్ పంపు గాలిని నొక్కలేదు. ఫిల్టర్ మీద చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి ఒట్టి డీజిల్ వచ్చేదాకా చూసి స్క్రూ బిగించాలి. అప్పటికీ పలకకపోతే ఇంజెక్టర్ దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టి అక్కడి గాలి కూడా తీయాలి. ఇది నేర్చుకోని డ్రైవర్ని పెద్దోళ్లు డ్రైవర్ అనేవారే కాదు.

కమాను పట్టీ. మట్టి దారిలో ఎక్కువగా విరిగేది ఇదే. పెద్ద పట్టీ విరిగితే యాక్సిల్ పక్కకి జరిగి టైరు బాడీకి ఒరుసుకుంటుంది. బండి జాకీ మీద ఎత్తి, ఎండిన గట్టి కర్ర ముక్క చెక్కి, యాక్సిల్‌కి ఛాసిస్‌కి మధ్య దూర్చి, పట్టీల కట్టకి కర్ర బద్దలు పెట్టి కట్టేవారు. తాడు లేకపోతే అడ్డతీగ. అడ్డాకులు కుట్టే ఆ తీగ బెరడు నుంచి నార తీసి తాళ్లు పేనడం మనకి ఎప్పటినుంచో తెలుసు. పచ్చి నార మెత్తగా ఉంటుంది, ఎంత బిగించినా చుట్టుకుంటుంది. డోలీ కట్టే ముడే ఇక్కడా వేసేవారంట. మనిషిని మోసినా జారని ముడి, బండికీ జారదు.

టైరు. స్టెప్నీ కూడా పోతే టైరు నిండా గడ్డి కూరేవారు. తడిపిన గడ్డి, కర్రతో కుక్కి కుక్కి ఇంక పట్టనంతగా. నడిచే వేగంతో పోవాలి. మోటారు సైకిల్ అయితే ట్యూబు చిల్లు దగ్గర మడిచి రబ్బరు పీలికతో బిగించి కట్టి గాలి కొట్టేవారు.

ముందు చక్రాలు. వెనక చక్రాలకి బలం మోసుకుపోయే పొడుగు షాఫ్టు జాయింటు విరిగితే మామూలు కారు అక్కడే పడుండాలి. ఫోర్ వీల్ జీపుకి ఇంకో దారి ఉంది. వెనక షాఫ్టు బోల్టులు విప్పి తీసేసి బండిలో వేసుకుని, ముందు గేరు వేసి ముందు చక్రాలతోనే ఇంటికి వచ్చేయొచ్చు.

క్లచ్ వైరు. ఇది మన తరం వాళ్లకి. బైకు క్లచ్ వైరు చివర ముడి ఊడిపోతే, కరెంటు వైర్లు కలిపే చిన్న ఇత్తడి కనెక్టర్‌లో దూర్చి స్క్రూ బిగిస్తే షాపు దాకా నడుస్తుంది. జేబులో ఒకటి పెట్టుకోండి, బరువేం కాదు.

ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

ఈ మావలు, తాతలు చాలామంది బడికి పోలేదు. పన్నెండు, పద్నాలుగేళ్లకి క్లీనర్‌గా ఎక్కారు. టైరు వెనక అడ్డు రాయి వేయడం, నీళ్లు మోయడం, జనాన్ని సర్దడం, పానాలు అందించడం. "గురువు చెయ్యి చాపితే ఎన్నో నంబరు పానా అడుగుతున్నాడో నోటితో చెప్పకముందే ఇవ్వాలి" అని ఒక మావ చెప్పాడు. అట్లా ఐదారేళ్లు చూసి చూసి స్టీరింగ్ పట్టేవారు. మైదానం నుంచి వచ్చిన మెకానిక్కుల దగ్గర కొంత నేర్చుకున్నారు, అది దాచాల్సిన పని లేదు. అయితే మైదానం షెడ్డులో నేర్చుకున్నది మన ఘాట్‌లో సగమే పనికొస్తుంది. మిగతా సగం ఇక్కడిది. ఏ కర్ర విరగదు, ఏ నార తెగదు, ఏ వాగులో ఎండాకాలం కూడా నీళ్లు ఉంటాయి, ఏ ముడి బరువుకి బిగుస్తుంది అనేది అడవి నేర్పింది.

ఆడవాళ్ల పాలు కూడా చెప్పాలి. పసుపు వాళ్ల బస్తాలోది, సబ్బు వాళ్ల మూటలోది, బెల్టుకి పురిపెట్టిన పీలిక వాళ్ల చీరది, రేడియేటర్‌లో పోసిన నీళ్లు వాళ్లు మోసుకొచ్చినవి. బండి కదిలాక పేరు డ్రైవర్‌కి వచ్చింది. బెర్తా బెంజ్ కథ చదివినప్పుడు మాలో ఒక చెల్లెలు అడిగింది, "మన అమ్మమ్మలు కూడా ఇదే చేశారు కదా అన్నా, మరి వాళ్లకి చరిత్ర ఎందుకు లేదు?" అని. ఈ పోస్టు రాయడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

ఇంటికి చేర్చడం వేరు, బాగుచేయడం వేరు

గొప్పలు చెప్పి వదిలేస్తే తప్పు అవుతుంది. పెద్దలు మాకు గట్టిగా చెప్పిన సంగతి ఇది. దారి మీద చేసేది ఇంటికి చేరడానికే. పసుపు పోసిన రేడియేటర్‌ని మర్నాడు కడగకపోతే అదే పసుపు సన్న గొట్టాల్లో పేరుకుని ఇంజిన్‌ని కాల్చేస్తుంది. కర్ర కట్టిన కమానుతో ఇంకో సంత చేస్తే లోయలో పడతాం. చాలామంది యజమానులు "నడుస్తోంది కదా" అని అట్లాగే తిప్పారు. షెడ్డుకి పోవాలంటే కొండ దిగి డబ్బు పెట్టాలి, ఆ రోజు సంత పోతుంది. మన ఘాట్‌లలో పోయిన ప్రాణాల వెనక ఇది కూడా ఉంది. ఎక్కువ మందిని ఎక్కించడం ఉంది. వేరే బండి లేక జనం వేలాడుతూ పోవడం ఉంది.

బ్రేకు విషయంలో మాత్రం పాత డ్రైవర్లది ఒకటే మాట. పాత జీపులో నాలుగు చక్రాల బ్రేకు ఆయిలూ ఒకే దారిలో నడుస్తుంది. ఒక్క చక్రం దగ్గర గొట్టం తెగితే నాలుగూ పోతాయి. ఆ చక్రానికి పోయే గొట్టాన్ని మడిచి నలగ్గొడితే మిగతా మూడు పనిచేస్తాయి. "అది చెయ్యొచ్చు. చేసినాక జనాన్ని మాత్రం దించీయాలి. బస్తాలు ఉండనీ, మనుషులు నడవనీ. ఒట్టి బండిని ఫస్టు గేరులో దించాలి." ఇది ఒక తాత మాట. విద్య అంటే ఏం చేయొచ్చో తెలియడం ఎంతో, ఎక్కడ ఆపాలో తెలియడం కూడా అంతే అని మాకు అప్పుడు అర్థమైంది.

బండి ఇంటికి చేరడం మనకి ఎందుకంత పెద్ద విషయమో మైదానంలో ఉన్న స్నేహితులకి చెప్పినా సరిగ్గా అర్థం కాదు. అక్కడ బండి ఆగితే ఇంకో బండి వస్తుంది. ఇక్కడ ఆగిన బండిలో నొప్పులు పడుతున్న అక్క ఉండొచ్చు. రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005లో మొదలైంది, తర్వాత ఏజెన్సీకి బైకు అంబులెన్సులు కూడా వచ్చాయి. అయినా రోడ్డు లేని ఊళ్ల నుంచి ఇప్పటికీ డోలీ మీదే దించుతున్నారు. డోలీకి, ఆసుపత్రికి మధ్య ఉన్న బండి ఆగిపోతే, దాన్ని పావుగంటలో కదిలించగల మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నదాని మీదే ఒక్కోసారి అంతా ఆధారపడుతుంది.

ఇప్పుడు ఏం జరుగుతోంది

దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 బండ్లే అమ్మాలని రూల్ వచ్చింది. పొగ తగ్గాలి, అది మంచిదే, మన అడవికీ మంచిదే. కానీ కొత్త బండి బానెట్ ఎత్తితే కంటికి కనిపించేది తక్కువ. సెన్సార్లు, కంప్యూటరు పెట్టె. ఏదో ఒక సెన్సార్ పాడైతే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి లాగదు. ఏమైందో తెలియాలంటే స్కానర్ కావాలి. స్కానర్ కొండ కింద ఉంటుంది. సిగ్నల్ లేని చోట ఫోన్ కూడా పలకదు. తాత కడుపులో దాపరికం లేదన్న బండి స్థానంలో నోరు విప్పని బండి వచ్చింది.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. కొన్న వస్తువుని మనమే, లేదా మనకి నచ్చిన మెకానిక్ బాగుచేసుకునే హక్కు కావాలని చాలా దేశాల్లో రైతులు, మెకానిక్కులు అడుగుతున్నారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ యంత్రాలు, మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. ఈ మాట వచ్చినప్పుడు అందరికంటే ముందు మాట్లాడాల్సింది షెడ్డుకి అందరికంటే దూరంగా ఉన్న మనమే. మాన్యువల్ తెలుగులో ఇవ్వండి, స్కానర్ పాడేరులో, చింతపల్లిలో పెట్టండి, మా పిల్లలకి నేర్పండి అని అడగొచ్చు.

మన వైపు నుంచి చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఐటీఐలో మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు, మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు. డిగ్రీ రాకపోతే ఐటీఐ అని చిన్నచూపు చూడకండి తమ్ముళ్లూ. చెల్లెళ్లకి కూడా చెప్తున్నాం, ఆ సీట్లు మగపిల్లలకే అని ఎక్కడా రాసి లేదు. మొదటి రోడ్డు మెకానిక్ ఎవరో పైన చదివారు కదా.

రెండోది ఇంకా సులువు, డబ్బు కూడా ఖర్చవదు. మీ ఊళ్లో పాత జీపు డ్రైవర్, క్లీనర్ ఎవరైనా ఉంటే పోయి కూర్చోండి. ఏ ఘాట్‌లో ఏ మలుపులో ఏ బండి ఆగింది, దేనితో కట్టారు, ఎవరు సాయం చేశారు అడగండి. వాళ్ల మాటల్లోనే రాయండి. తెలుగులోనే కాదు, కువిలో చెప్తే కువిలో, ఆదివాసీ ఒడియాలో చెప్తే అందులోనే. వాళ్లు పాడే పాటల్ని రాసుకోవడానికి బయటి నుంచి మనుషులు వచ్చారు గానీ, వాళ్లు వేసే ముడిని రాసుకోవడానికి ఇంతవరకు మా ఊళ్లకి ఎవరూ రాలేదు. ఆ తాతలు వయసు మీద పడి ఒక్కొక్కరే పోతున్నారు.

రోడ్డు వేసిన మన ముత్తాతల కష్టం పోరాటం వల్ల చరిత్రలోకి వచ్చింది. ఆ రోడ్డు మీద బండి నడిపి జనాన్ని ఇంటికి చేర్చిన తాతల పని ఇంకా రాలేదు. మీ ఊరి రిపేరు ఒకటి కింద రాయండి. పది ఊళ్లవి చేరితే మేము కూర్చుని ఒకచోట కలిపి రాస్తాం.

జై ఆదివాసీ.